అల్ఫారెట్టా చేపల అరల ముందు

అట్లాంటా దాటి జార్జియా 400 రహదారి మీద ఉత్తరంగా సాగితే చట్టాహూచీ నది వంతెన తర్వాత కాసేపటికి అల్ఫారెట్టా వస్తుంది. రెండు పక్కలా పైన్ చెట్లు, వాటి వెనక ఆఫీసు భవనాలు, ఆ వెనక ఒకే తీరున కట్టిన ఇళ్ళ వరసలు. 1858లో ఊరుగా నమోదైన ఈ పట్నం ఒకప్పుడు మిల్టన్ కౌంటీకి ముఖ్యపట్టణం. చుట్టూ పత్తి పండేది. మాంద్యం రోజుల్లో, 1932 మొదట్లో ఆ కౌంటీ ఫుల్టన్ కౌంటీలో కలిసిపోయింది. పత్తి పోయి సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2020 లెక్కల్లో ఇక్కడి జనాభా 65,000 దాటింది. పక్కనున్న కమింగ్, జాన్స్ క్రీక్ ఊళ్ళు కూడా కలుపుకుంటే, సాయంత్రం పార్కులో నడిచేటప్పుడు ప్రతి మలుపులోనూ తెలుగు వినపడుతుంది.

మా చెల్లెలి కుటుంబం ఇక్కడ స్థిరపడి చాలా కాలమైంది. 2025 ఆశ్వయుజం చివర్లో వాళ్ళింటికి వచ్చాను. కొల్లేటి సరస్సు పక్కన, కైకలూరు దగ్గర పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఏ ఊరు వెళ్ళినా ముందు అక్కడి చేపల బజారు చూస్తాను. చేప ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు కోస్తున్నారు, కోసినవాళ్ళకు ఎంత ముడుతోంది అని కనుక్కుంటే ఆ ఊరి సంగతులు చాలా తెలుస్తాయి. సముద్రానికి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న అల్ఫారెట్టాలో చేపల సంగతి ఏముంటుందనిపించవచ్చు. కానీ మన తీరం నుంచి బయల్దేరిన సరుకు చివరికి ఎవరి చేతికి చేరుతుందో, దారిలో దాని ధర ఎక్కడెక్కడ పెరుగుతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

ముప్పై కౌంట్ ఇక్కడ ఇరవై ఒకటి

ముందుగా చూసింది భారతీయ సరుకుల దుకాణంలో ఫ్రీజర్ అర. అద్దాల తలుపు తీయగానే రొయ్యల సంచులు. ఒక్కోదాని మీద ఒక అంకె: 16/20, 21/25, 31/40, 61/70. మన చెరువు గట్టు మీద రైతు కౌంట్ చెప్పేది కిలోకి ఎన్ని అని. ఇక్కడి అంకె పౌనుకు ఎన్ని అని, అదీ తల తీశాక.

భీమవరం దగ్గర చెరువులో పట్టిన ముప్పై కౌంట్ రొయ్య సుమారు 33 గ్రాములు. తల తీస్తే మిగిలేది అందులో మూడింట రెండు వంతుల లోపు, అంటే 21 గ్రాములు. పౌను 454 గ్రాములు కనుక పౌనుకు ఇరవై ఒకటో ఇరవై రెండో తూగుతాయి. భీమవరం ముప్పై కౌంట్ అల్ఫారెట్టాలో 21/25 అని రాసి ఉన్న సంచిలో ఉంటుందన్నమాట. యాభై కౌంట్ 31/40 సంచిలోకి, తొంభై కౌంట్ 61/70 సంచిలోకి చేరుతాయి. రైతు కిలో అమ్మితే ఇక్కడికి చేరేది ఆరు వందల పై చిలుకు గ్రాములే. తోలు కూడా ఒలిస్తే ఇంకా తక్కువ. రైతు ధరను, ఇక్కడి సంచి ధరను పక్కపక్కన పెట్టి ఎవరో దోచుకున్నారనే ముందు ఈ తరుగును లెక్కలోకి తీసుకోవాలి.

తరుగు తర్వాత కూడా బోలెడు తేడా మిగులుతుంది. అది ఎక్కడ పోయిందో సంచి వెనక చదివితే కొంత తెలుస్తుంది. రొయ్యలు, నీళ్ళు, ఉప్పు, సోడియం ట్రైపాలీఫాస్ఫేట్. ఈ చివరిది మాంసంలో నీటిని పట్టి ఉంచే ఉప్పు. గడ్డకట్టించేటప్పుడు పైన పట్టించే మంచు పొరను నికర బరువులో కలపకూడదని ఇక్కడి నియమం ఉంది కానీ, మాంసం లోపలికి పీల్చుకున్న నీరు బరువులోనే ఉంటుంది. ఆ నీటికి డబ్బు వచ్చేది ప్రాసెసింగ్ ప్లాంటుకు. చెరువులో నిలబడి వల లాగిన రైతుకు అందులో ఏమీ రాదు.

వనామి రొయ్య రకాన్ని 2009లో మన దేశంలోకి అనుమతించారు. ఆ తర్వాత పదిహేనేళ్ళలో ఆంధ్ర తీరం అమెరికా వంటింటికి రొయ్యలు పంపే పెద్ద దారి అయింది. 2024–25లో భారతదేశం అమెరికాకు 3.11 లక్షల టన్నుల గడ్డకట్టించిన రొయ్యలు పంపింది. దేశంలో పండే రొయ్యల్లో సగానికి బాగా మించి ఆంధ్రావే. ఇంత సరుకు వెళ్ళే దారి ఎంత ఇరుకో 2025లో తెలిసింది. ఆగస్టు 27 నుంచి రొయ్యలతో సహా చాలా భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, రాయితీలకు ప్రతిగా వేసే 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం దీనికి అదనం. నేను వెళ్ళేనాటికి ఆ దుకాణంలో సగం సంచులు భారత్‌వి, మిగతావి ఈక్వడార్‌వి. అరలో ఏ దేశం సంచి పెట్టాలన్నది కొనుగోలుదారు ఒక్క రోజులో మార్చుకోగలడు. చెరువు అలా ఒక్క రోజులో వేరే పంటకు మారదు.

మన దేశం నుంచి వచ్చిన సంచి మీద ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా, ఫార్మ్ రైజ్‌డ్’ అని ఉంది. 2005 నుంచి ఇక్కడి పెద్ద దుకాణాలు చేప ఏ దేశానిదో, పెంచిందో పట్టిందో తప్పనిసరిగా రాయాలి. అంతకు మించి ఏమీ లేదు. ఏ జిల్లా, ఏ ఊరు, ఎవరు ఒలిచారు అన్నది లేదు. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులు, షికాగోలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ ఆంధ్రా పీలింగ్ షెడ్లలో ఆడవాళ్ళు తొడుగుల్లేని చేతులతో ఐసులో నానుతూ తక్కువ కూలికి రొయ్యలు ఒలుస్తున్న తీరును రాశారు. కేంద్రం ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. మా ప్రాంతంలో తల తీసే పనికి వెళ్ళే ఆడవాళ్ళ వేళ్ళు నేను చూశాను. ఆ చేతులు లేకుండా ఈ సంచి తయారు కాదు. వాళ్ళ కష్టానికి ఈ సంచి మీద ఒక్క అక్షరం కూడా చోటు లేకపోవడం నన్ను బాధించింది.

మయన్మార్ రోహు, రాని వాలుగ

అదే ఫ్రీజర్‌లో కింది అర చేపలది. నిండు రోహు, ముక్కలు కోసిన కట్ల, ఇలస, నల్ల చందువా. రోహు తీసి చూస్తే ‘ప్రొడక్ట్ ఆఫ్ మయన్మార్’. కైకలూరు, ఆకివీడు నుంచి లారీల నిండా రోహు, కట్ల ఐసులో పేర్చుకుని హౌరాకు, అస్సాంకు రోజూ వెళ్తుంటాయి. ప్రపంచంలో రోహు అంత విస్తారంగా పెంచే చోట్లు కొన్నే. అయినా అల్ఫారెట్టాలో తెలుగువాడు తినే రోహు మన చెరువుది కాదు.

కారణం చెరువులో లేదు, చెరువు దాటాక ఉంది. మన చేపల వ్యాపారం లారీ, ఐసు, తెల్లారేసరికి వేలం అన్న పద్ధతి మీద నిలబడింది. చేపను ఊళ్ళోనే శుభ్రం చేసి, గడ్డకట్టించి, పెట్టెలో పెట్టే ఏర్పాటు రొయ్యకు ఉన్నంతగా చేపకు లేదు. మయన్మార్‌లో యాంగూన్ చుట్టూ ఉన్న ప్లాంట్లు రోహును నిండుగా గడ్డకట్టించి బంగ్లాదేశ్‌కూ గల్ఫ్‌కూ పంపడం చాలా కాలం కిందటే మొదలుపెట్టాయి. ఆ సరుకే ఇక్కడి దక్షిణాసియా దుకాణాలకూ వస్తోంది. మన చేప దేశం లోపలే అమ్ముడుపోతోంది కాబట్టి నష్టమేమీ లేదనవచ్చు. కానీ హౌరాలో ధర పడిపోయిన రోజు రైతుకు సరుకు ఆపుకునే మార్గం లేదు. చల్లని గిడ్డంగి లేనివాడు ఆ పూట ధరకు అమ్మక తప్పదు.

వాలుగ కోసం అడిగాను. దుకాణం నడిపే ఆయన, “రాదమ్మా, ఆ జాతి మన దేశాన్నుంచి రానివ్వరు” అన్నారు. ఆయన చెప్పింది నిజం. మీసాలున్న చేపల జాతి మొత్తాన్ని, అంటే మన వాలుగ, జెల్ల, మార్పు, పంగాస్ అన్నిటినీ అమెరికా 2008, 2014 వ్యవసాయ చట్టాలతో మామూలు చేపల తనిఖీ నుంచి తప్పించి, మాంసం తనిఖీ చేసే వ్యవసాయ శాఖకు అప్పగించింది. ఆ నియమాలు 2016లో అమల్లోకి వచ్చి, 2017 నుంచి పూర్తిగా బిగిశాయి. తనిఖీ పద్ధతి తమతో సమానమని ఒప్పుకున్న కొద్ది దేశాల నుంచే ఆ చేపలు రావాలి. వియత్నాం, చైనా, థాయిలాండ్ ఆ జాబితాలో ఉన్నాయి. మన దేశం లేదు. మిసిసిపీ, అలబామా రాష్ట్రాల క్యాట్‌ఫిష్ రైతులు ఈ చట్టం కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. వాళ్ళు తమ పంటను కాపాడుకున్నారు. మనం మన పంట తరఫున మాట్లాడేవాళ్ళను తయారు చేసుకోలేదు.

కొర్రమీను కథ ఇంకో రకం. తెలంగాణ, ఆంధ్ర రెండు రాష్ట్రాలకూ అదే రాష్ట్ర చేప. ఇక్కడ 2002 నుంచి కొర్రమీను జాతిని బతికి ఉండగా దిగుమతి చేయడం నేరం. 2019 అక్టోబరులో అల్ఫారెట్టా పక్కనున్న గ్విన్నెట్ కౌంటీలో ఒక చెరువులో ఉత్తరాది కొర్రమీను దొరికితే, కనపడగానే చంపి గడ్డకట్టించండి, నీళ్ళలోకి వదలొద్దు అని రాష్ట్ర అధికారులు ప్రజలకు చెప్పారు. గాలి పీల్చుకుని నీళ్ళు లేకుండా కూడా కొంతసేపు బతకగలగడం వాళ్ళకు భయం కలిగించింది. మన దగ్గర అదే గుణం వ్యాపారానికి ఊతం. నీళ్ళు తక్కువున్న డబ్బాలో కూడా బతికే ఉంటుంది కనుక ఐసు ఖర్చు లేకుండా తాజాగా అమ్మవచ్చు. కొర్రమీనుకు మన బజారులో పలికే ధరలో పెద్ద భాగం ఆ బతికి ఉండటానిదే. అది పోయాక గడ్డకట్టిన సంచిలో పడుకున్న కొర్రమీనుకు ఇక్కడ పెద్ద విలువ లేదు.

కత్తికి దక్కే విలువ

తాజా చేప కావాలంటే ఇక్కడి తెలుగువాళ్ళు కొరియన్లు నడిపే పెద్ద బజార్లకు వెళ్తారు. జాన్స్ క్రీక్, డులూత్, సువానీ వైపు అలాంటివి చాలా ఉన్నాయి. చెల్లెలితో ఒక శనివారం పొద్దున్నే వెళ్ళాను. ఐసు గుట్టల మీద కానాగంతలు, తిలాపియా, నల్ల చందువాకు దగ్గర చుట్టమైన పాంపనో, ఎర్ర స్నాపర్. గోడకు ఒక పలక. దాని మీద బొమ్మలతో సహా కోత రకాలకు నంబర్లు: ఒకటి పొలుసు తీసి పొట్ట శుభ్రం, రెండు తల కూడా తీసివేత, మూడు అడ్డకోత ముక్కలు, నాలుగు ముల్లు తీసిన పలక (ఫిల్లెట్). భాష రాకపోయినా వేలితో నంబరు చూపిస్తే చాలు. తెలుగు, కొరియన్, స్పానిష్, వియత్నామీ మాట్లాడేవాళ్ళంతా ఒకే వరసలో నిలబడ్డారు.

కోతకు విడిగా డబ్బు లేదు. చేప ధరలోనే కలిసి ఉంటుంది. మన హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో చేప ఒకరి దగ్గర కొని, కోయడానికి ఇంకొకరికి ఇస్తాం. కత్తిపీట ముందు కూర్చున్న ఆమెకు కిలోకి ఇంతని విడిగా ఇస్తాం. బూడిద రాసి జిగురు పోగొట్టి, మొప్పలు లాగి, మనం చెప్పిన మందాన ముక్క కొడుతుంది. చేప ధర మీద గీసిగీసి బేరమాడేవాళ్ళు కూడా ఆమె కోతకు వంక పెట్టరు. అయినా ఆ రెండు పనుల్లో ఎక్కువ మిగిలేది చేప అమ్మినవాడికే.

ఆ వరసలో నిలబడి ఒక లెక్క వేసుకున్నాను. నిండు చేప పౌను 4 డాలర్లు అనుకుందాం. ముల్లూ తోలూ తీసిన పలకగా మార్చితే చాలా చేపల్లో చేతికొచ్చేది నలభై శాతం చుట్టుపక్కల. అంటే ఆ మాంసం అసలు పౌనుకు 10 డాలర్లు పడినట్టు. పక్క అద్దాల పెట్టెలో పలక 11, 12 డాలర్లుంటే అది అన్యాయపు ధర కాదు. తల, వెన్నుముల్లు, పొట్ట భాగం చెత్తబుట్టకు పోయాయి కనుక మిగిలినదే మొత్తం ఖర్చు మోయాలి. మన వంటింటికి ఆ లెక్క వర్తించదు. తలకాయ పులుసులోకి, వెన్ను ముక్క ఇగురులోకి, జన ఉంటే వేపుడులోకి వస్తాయి. పొలుసు, మొప్పలు, పేగులు పోగా నాలుగింట మూడు వంతుల చేప కంచంలోకి చేరుతుంది. అదే 4 డాలర్ల చేప మనకు తినే పౌనుకు 5 డాలర్ల పైచిలుకే పడుతుంది. మా చెల్లెలు తలకాయ కూడా వేసివ్వమని చెప్పినప్పుడు కోసే ఆయన నవ్వి, ఎవరో వద్దన్న ఇంకో తలకాయ కూడా సంచిలో పెట్టాడు.

తినేవాళ్ళ అలవాటే ఇక్కడ ధరను నిర్ణయిస్తోంది. చిన్న ప్రాసెసింగ్ చేసేవాళ్ళకు ఉన్న అసలు బలం కూడా ఇదే. పెద్ద ప్లాంటు పలక కోస్తుంది, ఒకే కొలతలో లక్ష సంచులు నింపుతుంది. పులుసుకు ఏ మందం కావాలో, ఏ చేపకు తల ఉంచాలో, జన ఎవరికి ఇష్టమో తెలిసినవాళ్ళు చిన్నవాళ్ళు మాత్రమే. ఆ తెలివికి ధర కట్టించుకోగలిగితే చిన్నదిగా ఉండటం నష్టం కాదు.

నెత్తళ్ళ అర

ఈ ప్రయాణంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ కొరియన్ బజారులో ఎండు చేపల అర. అది మామూలు అర కాదు, చల్లటి అర. అందులో ఎండు నెత్తళ్ళు కొలతల వారీగా విడివిడిగా ఉన్నాయి. మిల్లీమీటర్లలో కొలిచే బుల్లివి వేపుడుకు, వేలెడంతవి చారు మరిగించడానికి, మధ్యవి ఇంకో వంటకు. వాళ్ళు ముందు ఉప్పునీళ్ళలో ఉడికించి తర్వాత ఎండబెడతారు. వెండిలా మెరుస్తున్నాయి. చేత్తో పట్టుకుంటే ఇసుక రేణువు లేదు. కొన్ని పెట్టెలు పండగకు బహుమతిగా ఇచ్చేటట్టు అందంగా అమర్చి ఉన్నాయి. కొరియా దక్షిణ తీరాన నంహే ద్వీపం దగ్గర వెదురు దడులు కట్టి పట్టే నెత్తళ్ళకు ఆ దేశంలో మామూలువాటికి ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. అక్కడ కొనేవాడు చేపతో పాటు ఆ ద్వీపం పేరును, ఆ పట్టే పద్ధతిని కూడా కొంటున్నాడు.

మన నెత్తళ్ళు ఆ ఊళ్ళోనే భారతీయ దుకాణంలో కింది అరలో ఉన్నాయి. చిన్న సంచి, చిన్నా పెద్దా కలిసిపోయినవి, కొన్ని విరిగినవి. మూడున్నర నాలుగు కిలోల పచ్చి నెత్తళ్ళు ఎండితే కిలో అవుతాయి. ఉప్పాడలో, భావనపాడులో, గిలకలదిండి చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పని చేసేది ఆడవాళ్ళు. తెల్లవారుజామున వేలంలో సరుకు ఎత్తడానికి అప్పు తెచ్చి, సాయంత్రానికో వారానికో వడ్డీతో కడతారు. ఇసుక మీద ఆరబోస్తారు. వాన పడితే ఆ రోజు కష్టం మొత్తం పోతుంది. ఇసుక కలిసిన సరుకు, రంగు మారిన సరుకు కోళ్ళ దాణాకు పోయే ధరకు అమ్ముడవుతుంది. పడవ యజమానికీ వ్యాపారికీ మధ్య బయానా ముడి ఉన్నట్టే, ఎండబెట్టే ఆమెకూ ఎత్తుకెళ్ళే దళారికీ మధ్య అప్పు ముడి ఉంటుంది. ధర చెప్పేది అప్పిచ్చినవాడే.

పట్టాక చేసే పనుల్లో ఉన్నవాళ్ళలో ప్రపంచమంతటా దాదాపు సగం ఆడవాళ్ళని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2023లో చిన్న తరహా చేపల వేట మీద వేసిన పెద్ద అధ్యయనంలో తేల్చింది. పట్టిన, పెంచిన చేపల్లో మూడో వంతుకు పైగా ఎక్కడో ఒకచోట పాడవుతోందో వృథా అవుతోందో అని అదే సంస్థ 2018లో లెక్క కట్టింది. ఈ రెండు మాటలూ కలిపి చదివితే ఒకటి అర్థమవుతుంది. ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న మెట్టు మీద చేప చాలా పాడవుతోంది, ఆ మెట్టు మీదే పెట్టుబడి తక్కువగా పెడుతున్నాం. ఇసుక మీద కాకుండా ఎత్తుగా కట్టిన వలల మంచె మీద ఆరబెడితేనే సరుకు తరగతి మారుతుంది. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సౌరశక్తితో నడిచే ఆరబెట్టే యంత్రాలు తయారుచేసింది, దానికి విశాఖలో కేంద్రం కూడా ఉంది. ఇబ్బంది సాంకేతికత లేక కాదు, అది తీర గ్రామంలో చేపలు ఎండబెట్టే ఆమె పెరటి దాకా చేరక.

కార్తీకంలో పులుసు

అల్ఫారెట్టాలో చేపను చివరగా చూసింది ఒక వంటగదిలో. వారాంతాల్లో చేపల పులుసు, రొయ్యల వేపుడు వండి ఆర్డర్ల మీద ఇచ్చే ఒకావిడ చెల్లెలికి స్నేహితురాలు. ఆవిడ ఇంట్లో వండరు. జార్జియాలో ఇంటి వంటకు ఇచ్చే లైసెన్సు రొట్టెలు, పొడుల లాంటి చెడిపోని వాటికే. చేప వండి అమ్మాలంటే తనిఖీ అయిన వంటగది ఉండాలి. అందుకని గంటల లెక్కన అద్దెకిచ్చే వంటగదిలో వండుతున్నారు. “పిన్నిగారూ, రండి, లెక్క మీరే చూద్దురు గాని” అని పుస్తకం తెరిచి చూపించారు.

వచ్చిన డబ్బులో మూడో వంతు పైగా చేపకే. ఆ తర్వాత పెద్ద ఖర్చు వంటగది అద్దె, దాని తర్వాత డబ్బాలు, బీమా, లైసెన్సు రుసుములు. తన కష్టానికి మిగిలేది, ఎంత బాగా నడిచినా, వందకు పాతిక డాలర్ల లోపే. కొరియన్ బజారు నుంచి నిండు చేప కొని అక్కడే కోయించుకుంటారు. తలలు విడిగా పెట్టి, అడిగినవాళ్ళకు వేరే డబ్బాలో ఇస్తారు. తలకాయ పులుసు డబ్బానే ముందు అయిపోతుందట. “చేప అందరూ అమ్ముతారు పిన్నిగారూ. మా ఊరి పులుపు, మా ఊరి కారం నేను అమ్ముతున్నా. దానికోసమే పది మైళ్ళు వస్తారు.”

నేను ఉండగానే కార్తీకం మొదలైంది. ఆర్డర్లు సగానికి పడిపోయాయి. నెల్లాళ్ళు నీచు మానేసే ఇళ్ళు ఇక్కడా తక్కువేమీ కాదు. పెద్ద ప్లాంటు అయితే ఆ నెల ఇంకో దేశానికి పంపుకుంటుంది. ఒక్క చేత్తో నడిచే వ్యాపారానికి పంచాంగం కూడా లెక్కల పుస్తకంలో భాగం. ఆవిడ ఆ నెల చేప వదిలి పులిహోర, గారెలు వండారు. ఈ నేర్పు చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది.

ఊరి నుంచి వచ్చే చేపల పచ్చడి, రొయ్యల పచ్చడి సంగతి కూడా ఆవిడ దగ్గరే తెలిసింది. మటన్, చికెన్ పచ్చళ్ళను ఇక్కడి సరిహద్దు అధికారులు ఆపేస్తారు. చేపకు ఆ అడ్డు లేదు. సొంత వాడకానికి ప్రకటించి తెచ్చుకోవచ్చు. అందుకే ఇక్కడి ప్రతి ఇంటి సామాన్ల పెట్టెలోనూ ఎండు రొయ్యలు, నెత్తళ్ళు వస్తాయి. కొరియర్‌లో తెప్పించుకునేవాళ్ళకు మాత్రం కొత్త భారం పడింది. 800 డాలర్ల లోపు పార్శిళ్ళకు సుంకం లేని పాత వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. రాజమండ్రిలోనో భీమవరంలోనో పచ్చడి పట్టి విదేశాలకు పంపే చిన్న ఇళ్ళ వ్యాపారాల మీద ఆ దెబ్బ సూటిగా పడింది.

జార్జియా తీరం నేర్పేది

అల్ఫారెట్టా నడిమి వీధుల్లో శనివారం సంత జరుగుతుంది. ప్రతి బల్ల మీదా తోట పేరు, ఊరి పేరు రాసిన పలక ఉంటుంది. తేనె సీసా మీద కూడా ఏ కౌంటీదో రాసి ఉంటుంది. అవి చూస్తుంటే ఈ రాష్ట్రపు తీరం, డేరియన్, బ్రన్స్‌విక్ ఊళ్ళు మనసులోకి వచ్చాయి. అక్కడి రొయ్యల పడవలవాళ్ళ కష్టాలకు మన రొయ్య కూడా ఒక కారణం. డెబ్బయ్యవ దశకం చివర వెయ్యికి పైగా ఉన్న రొయ్యల ట్రాలర్ లైసెన్సులు ఇప్పుడు కొన్ని వందలకు పడిపోయాయి. చౌకగా వచ్చే పెంపకపు రొయ్యతో ధరలో పోటీ పడలేక, డీజిల్ ఖర్చు మోయలేక పడవలు ఆగిపోయాయి. 2003 చివర దక్షిణాది రాష్ట్రాల రొయ్యలవాళ్ళు వేసిన ఫిర్యాదుతోనే 2005లో మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది.

భీమవరం రైతూ డేరియన్ పడవవాడూ ఒకరికొకరు శత్రువులని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఇద్దరి సరుకూ ఒకే ఫ్రీజర్‌లో ఒకే ధరకు దిగాలని కోరుకునేది మధ్యలో ఉన్న పెద్ద కొనుగోలుదారు. తట్టుకోవడానికి డేరియన్ వాళ్ళు పట్టుకున్న దారి ‘వైల్డ్ జార్జియా ష్రింప్’ అని సొంత పేరు పెట్టుకోవడం. పడవల సంఖ్యలో ఓడినా పేరుతో కొంత నిలబడ్డారు. కొనేవాడు కాస్త ఎక్కువ ఇచ్చి ఆ తీరపు రొయ్య అడిగి తీసుకుంటున్నాడు.

ఊరి పేరు ఉండాలి

ఇన్ని అరలు చూశాక నా నమ్మకం ఒకటే. చేపలో డబ్బు పట్టినవాడి దగ్గరా పెంచినవాడి దగ్గరా నిలవదు. శుభ్రం చేసి, తరగతులుగా ఏరి, చల్లగా ఉంచి, ఊరి పేరు పెట్టి అమ్మినవాళ్ళ దగ్గర నిలుస్తుంది. ఆ నాలుగు పనుల్లో మొదటి రెండూ మన తీర గ్రామాల ఆడవాళ్ళు పుట్టినప్పటి నుంచీ చేస్తున్నవే. మిగతా రెండూ వాళ్ళకు అందితే చాలు.

అందించడం అసాధ్యం కాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనకు 20,050 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో ఐసు ప్లాంట్లకు, చల్లని గిడ్డంగులకు, అమ్మకపు కేంద్రాలకు రాయితీలు ఉన్నాయి. ఆంధ్రాలో ‘ఫిష్ ఆంధ్రా’ పేరుతో చిన్న చేపల దుకాణాలు తెరిపించారు. కానీ రాయితీకి తన వాటా డబ్బు ముందు పెట్టగలిగినవాడే దరఖాస్తు చేస్తాడు. వేలం అప్పు తీరని ఆమె చేయలేదు. కాబట్టి మొదటి సాయం యంత్రం కాదు, వడ్డీ లేని నడిచే పెట్టుబడి. మహిళా సంఘాల ద్వారా బ్యాంకు అప్పు ఇప్పించడం మన రెండు రాష్ట్రాలకు బాగా తెలిసిన పని. ఎండు చేపల ఆడవాళ్ళకు ఆ దారి ప్రత్యేకంగా తెరవాలి. రెండో సాయం ఊరికో మంచె, ఊరికో గది: వలల మంచె మీద ఆరబెట్టడం, చల్లని గదిలో దాచడం, కొలత ప్రకారం ఏరడం. వాన పడినా సరుకు పోకపోతే, ధర పడినా ఆపుకోగలిగితే దళారి చెప్పినదే ధర కాదు.

మూడోది పేరు. బందరు లడ్డూకు, బనగానపల్లె మామిడికి, ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. ఉప్పాడ నెత్తళ్ళకు, కొల్లేటి చేపకు ఆ దారిలో ప్రయత్నం జరగాలి. గుర్తింపు ఒక్కటే ధర తేదు. సంచి లోపల ఇసుక లేకుండా, కొలత తేడా లేకుండా ప్రతిసారీ ఒకేలా ఉంటేనే పేరుకు విలువ. నంహే వాళ్ళు చేసింది అదే.

ఇందులో అల్ఫారెట్టాలాంటి ఊళ్ళ తెలుగువాళ్ళకూ పాత్ర ఉంది. అక్కడ కొనే శక్తి ఉంది, ఊరి రుచి మీద ప్రేమ ఉంది, నిబంధనలు చదివి అర్థం చేసుకునే చదువు ఉంది. దుకాణంవాళ్ళను, ఇది ఏ ఊరిది, ఎవరు ఎండబెట్టారు అని అడగడం మొదలుపెడితే ఆ ప్రశ్న దిగుమతిదారు దాకా, అక్కడి నుంచి మన తీరం దాకా వెళ్తుంది. తమ సంఘాల వేడుకలకు పెట్టే ఖర్చులో కొంత ఒక తీర గ్రామపు ఆరబెట్టే మంచెకు, చల్లని గదికి పెట్టగలిగితే అది దానం కాదు, తాము తినే తిండికి పెట్టుబడి. చెల్లెలి స్నేహితులతో ఈ మాట అన్నప్పుడు ఇద్దరు ముగ్గురు వెంటనే తమ ఊళ్ళ పేర్లు చెప్పారు. వాళ్ళ ఊళ్ళలో ఎండు చేపల ఆడవాళ్ళ సంఘం ఉందో లేదో కనుక్కుని రాస్తానని మాటిచ్చాను. సంఘం ఉన్న ఊరితో పని మొదలుపెడతాం.